మా అల్లుడు యూదుడు. అమ్మాయి, అల్లుడితో కలిసి చెక్ దేశంలోని ప్రాగ్ వెళ్తున్నాం. ఏం చూడాలి? అక్కడ యూదులకు ఇబ్బందేమైనా ఉంటుందా?

మా ఇంట్లోనూ ఇదే సంగతండీ. మాది గుంటూరు, మా ఆయనది న్యూజెర్సీ. ఆయన మరీ నిష్ఠాపరుడేం కాదు. కానీ శుక్రవారం చీకటి పడేముందు కొవ్వొత్తులు వెలిగించడం, పంది మాంసం ముట్టకపోవడం, పండగలకి సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థన మందిరానికి, వెళ్లడం మాత్రం మానరు. ప్రాగ్ మేమిద్దరం వెళ్లాం, తర్వాత మా అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లాం. కాబట్టి మీ ప్రశ్నకి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు భయం సంగతి. మాకు ఎక్కడా ఏ ఇబ్బందీ ఎదురవలేదు. యూదుల పేటలో మా ఆయన తలమీద కిప్పాతోనే (యూదు మగవాళ్లు పెట్టుకునే చిన్న టోపీ) తిరిగారు. రాత్రిపూట ట్రామ్ ఎక్కేటప్పుడు దానిమీద మామూలు క్యాప్ పెట్టుకున్నారు, న్యూయార్క్ సబ్‌వేలోనూ ఆయన చేసేది అదే. సినగాగ్‌ల దగ్గర కాపలా, సంచుల తనిఖీ ఉంటాయి, వాటిని చూసి కంగారు పడకండి. టెన్షన్ పడాల్సింది జేబుదొంగల గురించి. ఓల్డ్ టౌన్‌లో ఖగోళ గడియారం గంట కొట్టేటప్పుడు జనమంతా తలెత్తి బొమ్మల్ని చూస్తుంటారు. దొంగలకి కావల్సింది ఆ నిమిషమే.

పాత యూదుల పేటని యోసెఫోవ్ అంటారు. 1780లలో యూదుల మీద ఆంక్షలు కొంత సడలించిన రెండో జోసెఫ్ చక్రవర్తి పేరది. 1893 తర్వాత ఆ ఇరుకు సందులన్నీ కూలగొట్టి పెద్ద భవంతులు కట్టారు. ఇప్పుడు మీకు కనిపించే ఖరీదైన బ్రాండ్ల షాపుల వీధి అలా వచ్చిందే. మిగిలినవి ఆరు సినగాగ్‌లు, టౌన్‌హాల్, శ్మశానం. టూర్ గ్రూపులు వీటిని రెండు గంటల్లో చుట్టేసి చార్లెస్ బ్రిడ్జికి పరుగెడతాయి. మీ అల్లుడితో అలా వెళ్లకండి. మనకి అది చూడదగ్గ చోటు, ఆయనకి అది వేరే. పేటకి ఒక పూర్తి రోజు ఉంచుకోండి, ఆ రోజు సాయంత్రానికి ఇంకేమీ పెట్టుకోకండి.

ఆ రోజు శనివారం కాకూడదు. ఈ సినగాగ్‌లలో చాలావాటినీ శ్మశానాన్నీ చూపించేది యూదుల మ్యూజియం, శనివారాలూ యూదుల పండగ రోజులూ అది మూసి ఉంటుంది. వీలైతే గురువారం మ్యూజియం చూసి, శుక్రవారం సాయంత్రం ఓల్డ్ న్యూ సినగాగ్‌లో ప్రార్థనకి వెళ్లండి. సుమారు 1270లో కట్టిన గుడి అది, యూరప్‌లో ఇంకా ప్రార్థనలు జరుగుతున్న సినగాగ్‌లలో ఇదే పాతది. టికెట్ కొని పగలు లోపల తిరగడం వేరు, సాయంత్రం అక్కడ జరిగేది వేరు. మేము ముందే మెయిల్ పెట్టి అడిగాం, పాస్‌పోర్టులు పట్టుకెళ్లాం. గుమ్మం దగ్గర నాలుగు ప్రశ్నలు అడిగి లోపలికి పంపారు. ఫోను తీయకూడదు. లోపల మగవాళ్లు ప్రధాన మందిరంలో, ఆడవాళ్లం గోడకి ఇవతల పక్క గదిలో. మందపాటి రాతిగోడలో సన్నటి కిటికీ సందులు ఉంటాయి, వాటిలోంచే చూడాలి. నాకు మా ఆయన భుజం, ఒక ఇత్తడి దీపగుచ్ఛం, నడుమ వేలాడే ఎర్ర జెండా కొంచెం కనిపించాయి. పాట మాత్రం పూర్తిగా వినిపించింది. సంప్రదాయ పద్ధతి అంతే, మీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి, అక్కడికెళ్లాక మొహం మాడ్చుకోకుండా. మా ఆయన బయటికొచ్చి, చిన్నప్పటి నుంచీ తెలిసిన రాగమే వీళ్లు ఇంకో రకంగా పాడారంటూ హోటల్ దాకా అదే కూనిరాగం తీశారు.

ఇదే గుడి అటకమీద గోలెం ఉందని కథ చెబుతారు. 1609లో చనిపోయిన మహా పండితుడు రబ్బీ లోవ్, తన జనాన్ని కాపాడటానికి మట్టిబొమ్మకి ప్రాణం పోశాడని. ఆయన నిజంగా ఉన్న మనిషే, గోలెం కథని ఆయనకి ముడిపెట్టింది మాత్రం ఆయన పోయిన చాలా కాలానికి. అటకమీదికి ఎవర్నీ పంపరు. షాపుల్లో అమ్మే మట్టిరంగు బొమ్మలు నాకైతే నచ్చలేదు, పిల్లలుంటే కొనండి.

ఇక పింకాస్ సినగాగ్. అక్కడ చూడాల్సింది గోడల్నే. ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియా, మొరేవియా ప్రాంతాలకి చెందిన, నాజీల చేతుల్లో ప్రాణాలు పోయిన దాదాపు 78 వేల మంది యూదుల పేర్లు ఆ గోడలనిండా చేత్తో రాసి ఉంటాయి. 1950లలో ఇద్దరు చిత్రకారులు రాశారు. 1968లో దాన్ని మూసేశారు, తేమకి అక్షరాలు పాడయ్యాయి. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయాక, 1990లలో మళ్లీ మొదట్నుంచీ రాశారు. ఊరి పేరు పసుపు రంగులో, దానికింద ఇంటిపేర్లు ఎర్రగా, మనుషుల పేర్లూ తేదీలూ నల్లగా. మా అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఆవిడ చూసి, "మనం కొత్తవాళ్లని పలకరించినట్టే రాశారే, ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు" అంది. ఒక మొరేవియా ఊరి కింద మా ఆయన ఇంటిపేరు కనిపించింది. చుట్టాలో కాదో తెలియదు. ఆ వరసలో 1938లో పుట్టిన పాప ఒకతి, పక్కన 1942 తేదీ. చాలామందికి ఆ రెండో తేదీ చనిపోయిన రోజు కాదు, నాజీ శిబిరాలకి రైలెక్కించిన రోజు. ఆ తర్వాత వాళ్లేమయ్యారో రాసిన కాగితం లేదు. ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డారు, మేము బయట బెంచీమీద కూర్చున్నాం. మీ అల్లుడు కూడా ఎక్కడో ఆగిపోవచ్చు. వెనకాలే నిలబడి "ఏమైంది బాబూ" అని అడక్కండి, వదిలేయండి.

పైఅంతస్తులో, నాజీలు యూదుల్ని నిర్బంధించిన తెరెజిన్ గెట్టోలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి వాళ్లకి అక్కడ రహస్యంగా పాఠాలు చెప్పింది. 1944లో ఆమెని ఆష్విట్జ్ మరణ శిబిరానికి తరలించే ముందు సుమారు 4,500 బొమ్మల్ని రెండు సూట్‌కేసుల్లో దాచి వెళ్లింది.

ఆ గుడి పక్కనే పాత శ్మశానం. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. మీ అల్లుడు కోహెన్ల వంశమేమో కనుక్కోండి. వాళ్లు పూర్వపు ఆలయ పూజారుల సంతతి, ఆచారం పాటించేవాళ్లయితే శ్మశానంలో అడుగుపెట్టరు. మీరు టికెట్లన్నీ కొన్నాక ఆయన గేటు దగ్గర ఆగిపోతే బాగుండదు కదా. లోపల పన్నెండు వేల దాకా రాళ్లు, ఒకదాని మీద ఒకటి పడిపోతున్నట్టు ఉంటాయి. స్థలం చాలక, పాత సమాధుల్ని కదిలించకూడదు కాబట్టి, మట్టిపోసి పొరమీద పొర వేసుకుంటూ పోయారు. 1787 దాకా ఇక్కడే. రాళ్లమీద రెండు అరచేతులు చెక్కి ఉంటే కోహెన్, కూజా ఉంటే లేవీయుడు (ఆ పూజారులకి సహాయం చేసే వంశం), సింహం ఉన్న పెద్ద సమాధి రబ్బీ లోవ్‌ది. పూలు పెట్టరు, చిన్న గులకరాయి పెడతారు.

చార్లెస్ బ్రిడ్జి మీద గైడు అన్నీ చూపించి ఒక శిలువ దగ్గర గబగబా దాటిస్తాడు. ఆ క్రీస్తు విగ్రహం చుట్టూ బంగారు హీబ్రూ అక్షరాలుంటాయి, "సైన్యములకధిపతియగు యెహోవా పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అని. 1696లో దైవదూషణ చేశాడని ఒక యూదుడి మీద నేరం మోపి, జరిమానాగా ఆయన డబ్బుతోనే వాటిని పెట్టించారు. యూదుల రోజువారీ ప్రార్థనలో ఉండే వాక్యాన్నే తెచ్చి అక్కడ పెట్టడం వాళ్లని అవమానించడానికి. 2000లో ఆ సంగతి వివరిస్తూ కింద ఫలకం పెట్టారు. మీ అల్లుడికి హీబ్రూ వస్తే దూరం నుంచే చదివేస్తారు, ఆ కథ మీకు ముందే తెలిసుంటే మంచిది.

మీ అల్లుడు వెళ్లే సినగాగ్‌లో చెక్ తోరా చుట్ట (యూదుల ధర్మశాస్త్రం చేత్తో రాసిన తోలు చుట్ట) ఉందేమో అడగండి. యుద్ధ సమయంలో ప్రాగ్‌లో పోగుపడిన చుట్టల్లో 1,564 చుట్టలు 1964లో లండన్ చేరాయి, అక్కడి నుంచి ప్రపంచమంతటా సినగాగ్‌లకి అప్పుగా ఇచ్చారు. ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది. నంబరు తెలిస్తే చాలావాటికి ఏ ఊరివో తెలుస్తుంది. మా ఆయన చిన్నప్పుడు వెళ్లిన సినగాగ్‌లో అలాంటిదొకటి ఉంది. ప్రాగ్ ఆయనకి అసలు పరిచయమైందే దాని ద్వారా. హిట్లర్ "అంతరించిన జాతి మ్యూజియం" పెట్టాలని ఇవన్నీ పోగేయించాడని గైడ్లు చెబుతారు, దానికి పత్రాల ఆధారం లేదని చరిత్రకారుల మాట.

తెరెజిన్ ఊరు ప్రాగ్‌కి ఉత్తరాన 60 కిలోమీటర్లు, హోలెషోవిట్సె స్టేషన్ దగ్గర బస్సులుంటాయి. పింకాస్ చూసిన రోజే అక్కడికి వద్దు. వెళ్తే, ఒక పెరట్లో దాచి ఉంచిన చిన్న ప్రార్థన గదిని అడిగి చూడండి, గోడలమీద హీబ్రూ ప్రార్థన వాక్యాలు ఇంకా మిగిలున్నాయి.

మీరు శాకాహారులైతే తిండి విషయంలో మీకూ అల్లుడికీ ఒకటే తిప్పలు. చెక్ వంటల్లో పంది కొవ్వు ఎక్కడైనా ఉండొచ్చు, దాన్ని "సాడ్లో" అంటారు, ఆ మాట గుర్తుపెట్టుకుంటే లేబుల్ మీద పట్టుకోవచ్చు. చీజ్ ఫ్రై శాకాహారమే అంటారు కానీ మాంసం వేయించిన నూనెలోనే వేయించొచ్చు. కోషర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం వండే) హోటళ్లు యోసెఫోవ్ దగ్గర ఉన్నాయి, ధర ఎక్కువ. శబ్బత్ (శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా ఉండే వాళ్ల విశ్రాంతి దినం) భోజనానికి ముందే డబ్బు కట్టి చెప్పుకోవాలి, శనివారం వాళ్లు డబ్బు ముట్టరు.

అల్లుడు శబ్బత్ గట్టిగా పాటిస్తే ఓల్డ్ టౌన్‌లోనే, కింది అంతస్తులో గది తీసుకోండి. ట్రామ్ ఎక్కరు, లిఫ్ట్ నొక్కరు, కార్డు తాళాలతోనూ ఇబ్బందే. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాక, డిసెంబర్‌లో సాయంత్రం నాలుక్కే. విమానం శుక్రవారం మధ్యాహ్నం దిగేలా మాత్రం బుక్ చేయకండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వెళ్తుంటే యూదుల పండగలు వరసగా వస్తాయి, మ్యూజియం తెరిచే రోజులు చూసుకుని ఆ తర్వాతే టికెట్లు కొనండి.