రాయబారి గారి పొగాకు

ప్రశ్న: ఒక మొగల్ చిత్రంలో జహంగీర్, ఇరాన్ రాజు షా అబ్బాస్ కౌగిలించుకుని నిలబడ్డారు. వాళ్లిద్దరూ ఎప్పుడు, ఎక్కడ కలుసుకున్నారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎప్పుడూ కలుసుకోలేదమ్మా! జహంగీర్‌కు వచ్చిన కలను అబుల్ హసన్ బొమ్మగా వేశాడు. అతనూ షాను చూడలేదు, చూసొచ్చినవాళ్లను అడిగి వేశాడు. ఇద్దరి కాళ్ల కిందా భూగోళం ఉంది చూశారా? దాని మీద జహంగీర్ నిలబడింది సింహంపైన, పాపం షా నిలబడింది గొర్రెపైన. ఉత్తరాల్లో అన్నదమ్ములని పిలుచుకున్నా, బొమ్మ దగ్గరికొచ్చేసరికి పెద్దరికం ఎవరిదో జహంగీర్ తేల్చేసుకున్నాడు.

షాను నిజంగా కలిసింది జహంగీర్ రాయబారి ఖాన్ ఆలం. అసలు పేరు మీర్జా బర్ఖుర్దార్. 1613లో ఇరాన్ రాయబారి యాద్‌గార్ అలీ సుల్తాన్ స్వదేశానికి తిరిగి వెళ్తుంటే అతనితో పాటు ఇతన్నీ పంపారు. వెంట వందలమంది పరివారం. తిరిగొచ్చేసరికి 1620.

ఈయనంటే నాకు ఇష్టం, కారణం పొగాకు. అది ఆరోగ్యానికి చేటని జహంగీర్ నిషేధించాడు, ఇరాన్‌లో షా కూడా అంతే. మన రాయబారేమో నిమిషం పొగ లేకుండా ఉండలేడు! యాద్‌గార్ అలీ ఈ సంగతి షా చెవిన వేశాడు. వేరే రాజైతే గొడవయ్యేదే. షా మాత్రం ఒక పద్యం రాసి పంపాడు: మిత్రుడి దూత పొగాకు ముచ్చట తీర్చుకోవాలంటున్నాడు, స్నేహమనే దీపంతో ఆ పొగాకు బజారును నేనే వెలిగిస్తానని దాని భావం. ఖాన్ ఆలం కూడా పద్యంతోనే కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఇదంతా జహంగీర్ తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నాడు. తన ఆజ్ఞను తన దూతే పరాయి దర్బారులో మీరాడని కోపగించుకున్నట్టు కనిపించదు. షా ఇతన్ని ముద్దుగా 'జాన్ ఆలం' అనేవాడట, అంటే లోకానికే ప్రాణం.

ఇంత ఆప్యాయతా కాందహార్ దగ్గర పనిచెయ్యలేదు. ఆ కోట 1595 నుంచి మొగలుల చేతిలో ఉంది, 1622లో షా పట్టేసుకున్నాడు.

అన్నట్టు, షా అసలు రూపం గీసుకురమ్మని ఖాన్ ఆలం వెంట బిషన్‌దాస్ అనే చిత్రకారుణ్ణి కూడా పంపారు. అచ్చు గుద్దినట్టు గీశాడని, షాను ఎరిగినవాళ్లు చూసి మెచ్చుకున్నారని జహంగీర్ అతనికి ఏనుగును బహుమతిగా ఇచ్చాడు. మీరు చూసిన బొమ్మ మాత్రం అతనిది కాదు.