సమాధిరాతి మీద తండ్రి పేరు

ప్రశ్న: మా కోడలిది యూదు కుటుంబం. వాళ్ల ముత్తాత సమాధిరాయి ఫొటోను అనువాద యాప్‌లో పెడితే ‘రబ్బీ కొడుకు’ అని వచ్చింది. మిగతాదంతా అర్థంలేని అక్షరాలే. వంశవృక్షంలో ఆయన తండ్రిని రబ్బీ (యూదుల మతగురువు) అని రాసుకోవచ్చా?

జవాబు: అప్పుడే రాయకండి. ఈ రాళ్ల మీద హీబ్రూలో చెక్కిన చాలా మాటలు పొడి అక్షరాల్లోనే ఉంటాయి. అక్షరాల గుంపులో చివరిదానికి ముందు, పైన రెండు చిన్న గీతలు ఉంటే అది పూర్తి మాట కాదు, సంక్షేపమో అంకెనో అయి ఉంటుంది. యాప్‌లు దాన్నే మాటగా చదివి తప్పులో కాలేస్తాయి. మీ ఫొటోలో బేత్, రేష్ అనే రెండక్షరాలు కలిసి ఉండి ఉంటాయి. దాన్ని ‘బెన్ రెబ్’ అని చదవాలి. బెన్ అంటే కొడుకు. రెబ్ అన్నది మన ‘గారు’ లాంటిది, వృత్తితో పని లేకుండా పెద్దమనిషి పేరుకు ముందు పెట్టే మర్యాద. నిజంగా రబ్బీ అయినవారి పేరుకు ముందు సాధారణంగా ‘హారవ్’ అనో, అంతకంటే పెద్ద బిరుదో ఉంటుంది.

పైన ఉండే పే, నూన్ అక్షరాలకు ‘ఇక్కడ సమాధి అయినవారు’ అని అర్థం. అడుగున తావ్, నూన్, త్సాదీ, బేత్, హే అని ఐదక్షరాలుంటాయి. మరణించినవారి ప్రాణం జీవపు మూటలో కట్టబడాలన్న ప్రార్థన అది, బైబిల్లోని సమూయేలు మొదటి గ్రంథం 25:29 నుంచి తీసుకున్నది. ‘యథార్థవర్తనుడు, న్యాయవంతుడు’ అనేదీ యోబు గ్రంథం మొదటి వాక్యంలోదే, ఎన్నో రాళ్ల మీద కనిపిస్తుంది. అది చదివి మనిషి స్వభావాన్ని ఊహించుకోకండి. వంశానికి పనికొచ్చేది వీటి మధ్య ఉన్న పేరు, తండ్రి పేరు, తేదీ. ఆడవారికైతే ‘బెన్’ బదులు ‘బత్’ ఉంటుంది, కొన్నిసార్లు ‘ఫలానావారి భార్య’ అని కూడా చెక్కుతారు. తల్లి పేరు అరుదు. హీబ్రూ భాగంలో ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, కింద ఇంగ్లీషులోనో జర్మన్‌లోనో వెతకండి.

ఇంకో చిక్కు ఉంది. ‘బెన్’ తర్వాత అంకె, ఆ తర్వాత ‘షనా’ అని ఉంటే అక్కడున్నది తండ్రి పేరు కాదు, వయసు. పేర్లు జంటగా ఉన్నా కంగారు పడొద్దు. త్స్వీ హిర్ష్ అంటే హీబ్రూలో ఒకసారి, ఐరోపా యూదుల భాష యిద్దిష్‌లో ఒకసారి ‘జింక’ అన్నట్టే. ఆ మనిషే ప్రభుత్వ రికార్డుల్లో హిర్ష్ అనో హ్యారీ అనో ఉండొచ్చు.

ప్రశ్న: రాతి మీది హీబ్రూ సంవత్సరాన్ని మన లెక్కలోకి ఎలా మార్చాలి?

జవాబు: మన కటపయాదిలాగే ఇక్కడా అక్షరాలే అంకెలు. కాకపోతే స్థానాలు చూడనక్కర్లేదు, కూడితే చాలు. తావ్ 400, రేష్ 200, పే 80, హెత్ 8: మొత్తం 688. ఐదువేలను సాధారణంగా వదిలేస్తారు కాబట్టి అసలు సంవత్సరం 5688. ఈ 688కి 1240 కలిపితే 1928. అయితే హీబ్రూ సంవత్సరం శరదృతువులో తిష్రీతో మొదలవుతుంది. అందుకని తిష్రీ, హెష్వాన్, కిస్లేవ్ నెలలకు 1239 కలపాలి. రాతి మీద 23 కిస్లేవ్ అని ఉంటే అది 1927 డిసెంబరు. తేవేత్ నెల డిసెంబరు, జనవరుల మీదుగా సాగుతుంది కనుక తేదీ మార్పిడి పట్టికలో చూసుకోవాల్సిందే.

ఎక్కువ పొరపాట్లు అక్షరం పోల్చుకోవడంలో జరుగుతాయి. హెత్‌కు ఎడమకాలు పైకప్పుకు అతుక్కుని ఉంటుంది, హేకు అక్కడ సన్నని సందు ఉంటుంది. హే విలువ 5. నాచు పట్టి ఆ సందు మూసుకుపోయినా, రాయి పెచ్చు ఊడి కొత్తగా సందు పడినా మూడేళ్లు తేడా వస్తుంది. దాలెత్ కుడి మూల కోసుగా ఉంటుంది, రేష్ మూల గుండ్రంగా తిరుగుతుంది. ఒకటి 4, ఇంకొకటి 200. పదిహేనును 10, 5 అక్షరాలతో రాయరు, అవి దేవుని నామంలోవి. 9, 6 అని రాస్తారు. పదహారుకు 9, 7.

మరణ ధ్రువపత్రంతో ఒక్కరోజు తేడా వస్తే రాయిని తప్పుపట్టకండి. యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి రాత్రి పోయినవారికి మర్నాటి తేదీ పడుతుంది. అధిక మాసం వచ్చిన ఏడాదిలో అదార్ నెల రెండుసార్లు వస్తుంది. రాతి మీద మొదటిదా రెండోదా అని ఉందేమో చూడండి.

ప్రశ్న: ఒక రాతి మీద రెండు చేతులు, ఇంకోదాని మీద నీళ్ల కూజా చెక్కి ఉన్నాయి. అవి అలంకారమేనా?

జవాబు: కాదు. దీవిస్తున్న చేతులు కోహెన్ అనే యాజక వంశానికి, కూజా ఆ యాజకులకు సేవచేసే లేవీయుల వంశానికి గుర్తు. రెండూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవే కనుక ఆ మగవారి తండ్రికీ తాతకూ అదే వర్తిస్తుంది. స్త్రీ పేరు తర్వాత ‘ఫలానా హాకోహెన్ కూతురు’ అని ఉంటే అది పుట్టింటి వంశం. కాట్జ్ అనే ఇంటిపేరు కూడా ‘కోహెన్ త్సెదెక్’ అన్న మాటల సంక్షేపమే.

ప్రశ్న: అక్షరాలు అరిగిపోయిన రాతిని సుద్దతో రుద్ది చదవొచ్చా?

జవాబు: వద్దు. సుద్ద, పిండి, షేవింగ్ క్రీమ్, ఇనుప బ్రష్ ఏదీ తాకించకండి. అవి రాతి రంధ్రాల్లో చేరి, లేదా పై పొరను గీకి, ఉన్న అక్షరాన్నీ పోగొడతాయి. శ్మశానవాటిక నిర్వాహకుల అనుమతి తీసుకుని, గట్టిగా ఉన్న రాయైతేనే మంచినీళ్లు, మెత్తని బ్రష్ వాడండి. అసలు కావలసింది పక్క వెలుతురు. అద్దంతో ఎండను రాతి మీద ఏటవాలుగా పడేలా మళ్లిస్తే గాడుల్లో నీడ పడి అక్షరం లేచి కనిపిస్తుంది. ఫొటోలు మొత్తం రాయికి ఒకటి, వరుస వరుసకూ ఒకటి, వెనకవైపు ఒకటి తీయండి. రాతిపైన పేర్చిన గులకరాళ్లు చూడవచ్చినవారు పెట్టినవి, కదపకండి.

చుట్టుపక్కల రాళ్లనూ, ఆ ఆవరణ గేటునూ ఫొటో తీయడం మరవొద్దు. అమెరికాలో ఒకే ఊరి నుంచి వలసవచ్చినవారు సంఘంగా స్థలం కొనుక్కున్న శ్మశానవాటికలున్నాయి. గేటు స్తంభం మీద సంఘం పేరుతోపాటు ఐరోపాలోని సొంతూరి పేరూ ఉండొచ్చు. రాతి మీద ఎక్కడా దొరకని ఊరు అక్కడ దొరుకుతుంది.

ప్రశ్న: రాతి మీద తండ్రీకొడుకుల పేరు ఒకటే ఉంది. సాధ్యమేనా?

జవాబు: అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా యూదు) కుటుంబమైతే మళ్లీ చదవండి. బతికున్నవారి పేరు పిల్లలకు పెట్టకూడదని వారి ఆచారం. చదవడంలో తప్పు లేకపోతే ఆ కొడుకు తండ్రి పోయాక పుట్టి ఉండొచ్చు, తండ్రి మరణ నమోదును ఆ పుట్టిన తేదీకి కొద్ది నెలల ముందు వెతకండి.