తిరగబెట్టిన మలేరియాకు మిగిలిన గోలీలు వద్దు

ప్రశ్న: మాది మక్తల్ దగ్గర పల్లె. ముంబయికి బిల్డింగ్ పనికి వెళ్లొచ్చిన మా తమ్ముడికి (26 ఏళ్లు) రెండు నెలల కింద వైవాక్స్ మలేరియా వచ్చింది. 14 రోజులు వాడమన్న మాత్రను కడుపులో మంటని ఐదో రోజే ఆపేశాడు. నాలుగు రోజులుగా మళ్లీ చలిజ్వరం. ఇంట్లో మిగిలిన క్లోరోక్విన్ ఇస్తున్నాం. మలేరియా క్రిమి మీద ల్యాబుల్లో కొత్త టార్గెట్లు (మందు దెబ్బకొట్టే చోట్లు) కనుక్కుంటున్నారట. ఆ మందు ఎప్పుడొస్తుంది?

జవాబు: ముందు ఆ మిగిలిన గోలీలు ఆపి, ఇవాళే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. రక్తపరీక్ష, మందులు అక్కడ ఉచితమే. నాలుగు రోజులు ఇంట్లో ఎందుకు ఉంచారు? అరకొర డోసు వేస్తే క్రిములు తగ్గి, స్లైడులో కనిపించకపోవచ్చు. ఈసారి వచ్చింది ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియా అయితే క్లోరోక్విన్‌ను నమ్ముకోలేం, చికిత్సే వేరు. ఏ మాత్రలు ఎన్ని వేశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. మగతగా ఉన్నా, వాంతులు ఆగకున్నా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా నేరుగా జిల్లా ఆసుపత్రికే.

చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, ఇది పాత వైవాక్సే తిరగబెట్టి ఉండొచ్చు. ఈ క్రిమి కొంత లివర్‌లో నిద్రపోతూ వారాలకో నెలలకో లేస్తుంది. క్లోరోక్విన్ దాన్ని తాకదు. మీ తమ్ముడు మధ్యలో ఆపిన మాత్ర బహుశా ప్రైమాక్విన్, నిద్రపోయే క్రిమిని చంపేది అదే. అన్నం తిన్నాక వేసుకుంటే మంట తగ్గుతుంది. జ్వరం తగ్గింది కదా అని మా ఓపీకి వచ్చేవాళ్లు కూడా చాలామంది ఇక్కడే ఆపేస్తారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇక పరిశోధన సంగతి. క్రిమి తనలోని సోడియాన్ని బయటికి తోసే పంపును ఆపే సిపార్గమిన్ లాంటి మందులు ఇంకా ట్రయల్స్‌లోనే ఉన్నాయి. ఈ పని ఎక్కువగా ఫాల్సిపారం మీదే సాగుతోంది. దాన్ని మనిషి రక్తకణాల్లో ఎడతెగకుండా పెంచే పద్ధతి 1976లోనే దొరికింది. వైవాక్స్ లేత ఎర్రకణాల్లోకే దూరుతుంది కాబట్టి ల్యాబులో నిలకడగా పెంచడం చాలా కష్టం. లివర్‌లో నిద్రపోయే దశ మీద పని ఇంకా కష్టం. కొత్త మందు కోసం మీ తమ్ముడు ఆగాల్సిన పని లేదు, ఉన్న మందు పూర్తిగా వాడితే చాలు.

ప్రైమాక్విన్ మళ్లీ మొదలుపెట్టే ముందు జీ6పీడీ పరీక్ష గురించి అడగండి. ఆ ఎంజైమ్ తక్కువ ఉన్నవాళ్లలో ఈ మందు వల్ల ఎర్రకణాలు పగిలిపోతాయి. మందు వాడుతుండగా మూత్రం కాఫీ రంగులో వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి రండి. గర్భిణులకు ఈ మాత్ర ఇవ్వకూడదు, మిగిలితే ఇంట్లో ఎవరికీ వేయకండి.