ముసలి పిల్లి కుంటకపోయినా కీళ్లనొప్పి ఉండవచ్చా?

మీ పదమూడేళ్ల పిల్లి కుంటడం లేదనీ, కానీ సోఫా ఎక్కడం మానేసి అప్పుడప్పుడు మలమూత్రాల కోసం పెట్టిన ట్రే పక్కనే మూత్రం పోస్తోందనీ, ఇదంతా వయసు ప్రభావమేనా అనీ అడిగారు. మా పిల్లికి పద్నాలుగో ఏట ఇవే లక్షణాలు వచ్చినప్పుడు నేనూ వయసు మీద నెపం వేసి చాలా నెలలు వృథా చేశాను. చివరికి అది కీళ్లవాతమని తేలింది.

పన్నెండేళ్లు దాటిన పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించిన ఒక అధ్యయనంలో 90 శాతం పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. అయినా అవి కుంటడం అరుదు, ఎందుకంటే తరచు రెండు వైపుల కీళ్లూ అరుగుతాయి కనుక ఏ ఒక్క కాలినీ ప్రత్యేకంగా కాపాడుకోవు. పైగా నొప్పిని దాచుకోవడం వాటి నైజం. అందుకే అది ఏయే పనులు మానేసిందో లెక్కపెట్టుకోండి. ఒక్క దూకులో కిటికీ ఎక్కే మా పిల్లి ముందు కుర్చీ ఎక్కి, కాసేపు ఆలోచించి, అక్కడి నుంచి కిటికీ అందుకునేది. దిగేటప్పుడు ముందుకాళ్లను వీలైనంత కిందికి జార్చి, ఆ తర్వాతే దూకేది. నడుము వంచి నాక్కోలేక తోక మొదట్లో బొచ్చు అట్టకట్టింది, గీరుకోవడం తగ్గి గోళ్లు మందంగా పెరిగాయి. వీపు నిమిరితే విసుక్కునేది. దాన్ని ముసలితనపు చాదస్తమని మేం నవ్వుకున్నాం కూడా.

ఆసుపత్రి బల్ల మీద పిల్లి భయంతో బిగుసుకుపోతుంది కనుక, ఇంట్లో ఎక్కడం, దిగడం ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. మా విషయంలో ఎక్స్‌రే కన్నా అదే ఎక్కువ పనికొచ్చింది. ట్రే బయట మూత్రానికి మూత్రపిండాల జబ్బు, మూత్రకోశ సమస్యలు కూడా కారణం కావచ్చు కనుక రక్త, మూత్ర పరీక్షలు తప్పనిసరి. మగపిల్లి ముక్కుతున్నా మూత్రం రాకపోతే మాత్రం గంటలు కూడా ఆగకూడదు.

మెలాక్సికామ్ వంటి నొప్పి మందులను మూత్రపిండాల పరిస్థితి చూసి, వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడాలి. మాకు మొదట అదే ఇచ్చారు. తర్వాత కీళ్లనొప్పి తగ్గడానికి నెలకొకసారి వేసే ఫ్రునెవెట్‌మాబ్ అనే ఇంజెక్షన్‌కు మారాము. మన పారాసిటమాల్ మాత్రం ఎన్నడూ ఇవ్వకండి: దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.

ఇంట్లో చేసిన మార్పులు చిన్నవే. ట్రే ఒక వైపు అంచును బాగా కిందికి కోశాం, కిటికీ దగ్గర మెట్టులా ఒక పెట్టె పెట్టాం, పడక మెత్తగా, వెచ్చగా ఉండేలా చూశాం. బరువు ఎక్కువైతే నెమ్మదిగానే తగ్గించండి; ఉన్నట్టుండి తిండి ఆపితే లావుపాటి పిల్లికి కాలేయం దెబ్బతింటుంది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు కూడా మా పిల్లి ఒక్క దూకులో కిటికీ ఎక్కలేదు గానీ, ఒక మధ్యాహ్నం వెనక్కి తిరిగి తోక మొదలు తనే నాక్కుంటూ కనిపించింది.