వాచిన ఊపిరితిత్తులకు కషాయాలు ఎంతవరకు పనికివస్తాయి?

న్యుమోనియా ముదిరి, ఊపిరితిత్తులు బాగా వాచి, ఐసీయూలో ఆక్సిజన్ మీద ఉన్న మీ బాపుకు సహజమైన మందులు ఏవైనా ఇవ్వవచ్చా అని అడిగారు. మా చిన్నాయన ఇదే స్థితిలో హనుమకొండలో వెంటిలేటర్ దాకా వెళ్లి కోలుకున్నారు కనుక, దగ్గరుండి చూసిన మనిషిగా చెబుతున్నాను: ఈ దశలో ఊపిరితిత్తుల వాపును తగ్గించగల ఆకు గానీ, వేరు గానీ, కషాయం గానీ లేదు.

ఏఆర్‌డీఎస్ అని 1967 నుంచి వైద్యులు గుర్తిస్తున్న ఈ జబ్బులో, వాపు వల్ల సన్నని రక్తనాళాల నుంచి నీరు ఊరి, గాలి ఉండవలసిన చిన్న చిన్న గదులలో నిండుతుంది. అందువల్ల ఎంత గాలి పీల్చినా ఆక్సిజన్ రక్తంలోకి సరిగా చేరదు. పసుపులోని కర్క్యుమిన్‌కు వాపును తగ్గించే గుణం ప్రయోగశాలలో కనిపించిన మాట నిజమే కానీ, మనం తాగే పసుపు పాల నుంచి అది రక్తంలో కలిసేది చాలా స్వల్పం.

మా చిన్నమ్మ మిరియాలు, అల్లం, తులసి మరగబెట్టి థర్మాస్‌లో తెచ్చి, రెండు చెంచాలైనా నోట్లో పోస్తానని పట్టుబట్టింది. నర్సు చేయి అడ్డం పెట్టి, "చుక్క కూడా పోయొద్దమ్మా, మింగే సోయి లేదు, అది కడుపులకు పోదు, ఊపిరితిత్తులల్లకే పోతది" అన్నది. దయచేసి ఈ మాట మీ ఇంట్లో పెద్దలందరికీ చెప్పండి. ముక్కులో నూనె చుక్కలు వేయడం కూడా అంతే ప్రమాదం, ఎందుకంటే నూనె లోపలికి జారితే అదే వేరొక న్యుమోనియా తెచ్చిపెడుతుంది.

మందు కాకపోయినా ప్రాణం నిలిపేది ఒకటి ఉంది: బోర్లా పడుకోబెట్టడం. వెంటిలేటర్ మీద ఉన్నవారిని రోజుకు సుమారు 16 గంటలు అలా ఉంచితే మరణాలు తగ్గుతాయని 2013లో వెలువడిన ఫ్రాన్స్ అధ్యయనం చూపింది. అయితే గొట్టాలు ఊడకుండా తిప్పడానికి నలుగురైదుగురు శిక్షణ ఉన్నవారు కావాలి కనుక, అది సిబ్బంది చేయవలసిన పని. మీరు డాక్టరు గారిని దాని గురించి అడగవచ్చు.

ఇంటి వైద్యానికి చోటు ఇంటికి వచ్చాకే. పడక మీద కండ అంతా కరిగిపోతుంది కాబట్టి గుడ్లు, పప్పు, పెరుగు ముఖ్యం. గోరువెచ్చని నీళ్లు, పసుపు పాలు గొంతుకు హాయినిస్తాయి. అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగానే కఫం పలచబరిచే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది, అయినా డాక్టరును అడగకుండా ఆ కషాయం మొదలుపెట్టకండి. స్టెరాయిడ్లు వాడుతున్నప్పుడు అతిమధురం అసలే వద్దు. రెండూ కలిస్తే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. మూడు బంతుల పరికరంతో ఊపిరి కసరత్తు, కొద్దికొద్దిగా నడక మా చిన్నాయనకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేశాయి. పత్తి కట్టె కాల్చే పొగకు, మిర్చి కల్లం ఘాటుకు ఆయనను చాలాకాలం దూరంగా ఉంచాము.

వేలికి పెట్టే ఆక్సీమీటరు ఒకటి కొనిపెట్టుకోండి. అందులో ఆక్సిజన్ శాతం ఎంతవరకు తగ్గితే ఫోన్ చేయాలో డిశ్చార్జి నాడే డాక్టరుతో రాయించుకోండి. 90 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా కషాయం పొయ్యి మీద పెట్టకుండా 108కి ఫోన్ చేయండి.