ఫ్యాషనా, ఫర్నిచరా అని ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు

ఇంటర్ సెకండియర్ అమ్మాయి ప్రశ్న: బట్టలు డిజైన్ చేయడమూ ఇష్టమే, ఇంట్లో వాడే వస్తువులూ ఇష్టమే, ఏ కోర్సు తీసుకోవాలి? నాన్నేమో "టైలరింగ్‌కి డిగ్రీ ఎందుకు?" అంటున్నారు.

చూడమ్మా, నాన్నగారితో వాదన పెట్టుకోకుండా అమెరికన్ డ్రెస్ డిజైనర్ క్లెయిర్ మెకార్డెల్ సంగతి చెప్పు. 1942లో, అమెరికాలో పనిమనుషులు యుద్ధ ఫ్యాక్టరీల్లో చేరిపోయాక, ఇంటి పనంతా నెత్తిన పడ్డ ఆడవాళ్లకి వంట చేసుకోడానికీ, అదే బట్టల్లో వచ్చినవాళ్లని పలకరించడానికీ బాగుండే డ్రెస్ కావాల్సొచ్చింది. మెకార్డెల్ పాపోవర్ అనే డ్రెస్ చేసింది: చుట్టి కట్టుకోవడం, పెద్ద జేబు, వేడి గిన్నె పట్టుకునే గ్లౌజు దాంతోపాటే, ధర 7 డాలర్ల లోపు. వీపు మీద జిప్పుని పక్కకి మార్చింది కూడా ఆవిడే, ఒకరి సాయం లేకుండా వేసుకోవచ్చని. (మన కుర్తీల్లో జేబు కోసం ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాం, అది వేరే బాధ.) అలాగని కుట్టుపని చిన్నదేం కాదు. చదువుకునే రోజుల్లో పారిస్‌లో అక్కడి డిజైనర్ వియొన్నే చేసిన గౌన్లు కొని, విప్పదీసి చూసి నేర్చుకుంది. నువ్వూ ఈ సెలవుల్లో పాత చుడీదార్ ఒకటి కుట్లు విప్పి మళ్లీ కుట్టి చూడు, నీకు ఈ పని ఎంత ఇష్టమో తెలిసిపోతుంది.

ఇక కుర్చీల వైపు, అమెరికన్ ఫర్నిచర్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు. ఆయన ఆర్కిటెక్చర్ మధ్యలో వదిలేశాడు, ఆవిడ పెయింటర్. యుద్ధంలో అమెరికా నౌకాదళం కోసం విరిగిన కాలికి కట్టే ప్లైవుడ్ బద్దలు చేశారు, చెక్కని ఒంటి ఒంపుకి తగ్గట్టు వంచడం అక్కడ చేతికొచ్చాక ఆ పనితనమే తర్వాత వాళ్ల కుర్చీల్లోకి వచ్చింది. మన ప్రభుత్వం పిలిస్తే దేశం తిరిగి, చెంబుని తెగ మెచ్చుకుంటూ 1958లో ఒక రిపోర్ట్ రాశారు, దాన్నుంచే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వచ్చింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక ఎన్‌ఐడీ ఉంది.

నీలా రెండింటి మధ్య ఊగేవాళ్లకి నేను ముందు ఎన్‌ఐడీనే చెప్తాను, ఎందుకంటే అక్కడ మొదటి ఏడాది అందరికీ ఫౌండేషనే, అంటే ఒకే పునాది కోర్సు, బ్రాంచి ఆ తర్వాత. నిఫ్ట్‌లో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ), మన హైదరాబాద్ మాదాపూర్‌లో ఉన్నదైనా సరే, కౌన్సెలింగ్‌లోనే డిపార్ట్‌మెంట్ తేల్చుకోవాలి. రెండింట్లోనూ డిజైన్ డిగ్రీకి ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఎన్‌ఐడీ ఎంట్రన్స్ పరీక్ష డ్యాట్ రెండో దశ మెయిన్స్‌లో, చేత్తో చేసి చూపించాల్సిన స్టూడియో టెస్ట్ ఉంటుంది కాబట్టి బొమ్మలొక్కటే కాదు, అట్టముక్క, తీగ, బట్టముక్కతో వస్తువులు చేయడం కూడా ఇప్పట్నుంచే మొదలుపెట్టు. ఫీజు సంగతి మాత్రం నాన్నగారికి ముందే చెప్పు, ప్రభుత్వ సంస్థ అంటే చవగ్గా అయిపోతుందనుకుంటారు, అవ్వదు.