ఏఐ గీసిన మనిషి ఎవరి మనిషి?

ప్రశ్న: డిజిటల్ పెయింటింగులు వేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. ఇల్లూ చెట్టూ నేనే గీస్తాను కానీ మనుషుల బొమ్మలు నాకు కుదరవు. వాటిని స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల ఏఐతో చేయించి అతికిస్తున్నాను. ఆ ముఖాలు ఎవరివీ కావు కదా, తప్పుందా? కొనేవాళ్లకు చెప్పాలా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చెప్పాలి. కొనేవాళ్లు మీ చేతిపనికి డబ్బిస్తున్నామనుకుంటారు. ‘మనుషుల బొమ్మలు ఏఐతో చేసినవి, మిగతాది నేను గీసింది’ అని వివరాల్లో ఒక్క లైను రాయండి. అది చూసి ఒకరిద్దరు వెనక్కి తగ్గితే తగ్గనివ్వండి.

ఇక ‘ఎవరివీ కావు’ అన్నది సగమే నిజం. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి వెర్షన్లకు పాఠం చెప్పింది లయాన్-5బీ నుంచి తీసిన బొమ్మలతో. ఇంటర్నెట్‌లో ఏరిన 585 కోట్ల బొమ్మల లింకులున్న జాబితా అది. అందులో చిత్రకారుల పనీ ఉంది, మామూలు జనం ఫొటోలూ ఉన్నాయి. వాళ్లనెవరూ అడగలేదు. ఆ బాకీ ముందు కంపెనీలదే, మీ ఒక్కరి నెత్తిన వేయను.

మీరు బొమ్మ ఎలా చేయిస్తున్నారన్నదే నాకు ముఖ్యం. మాటలు రాసి చేయించడం ఒక ఎత్తు, ఎవరిదో ఫొటో ఇచ్చి ఇమేజ్-టు-ఇమేజ్‌లో మార్చడం ఇంకో ఎత్తు. అక్కడ డీనాయిజింగ్ స్ట్రెంత్, అంటే ఫొటోను ఎంత మార్చాలో 0 నుంచి 1 దాకా చెప్పే నంబరు, 0.3 దగ్గర పెడితే పోలికలు దాదాపు అలాగే ఉంటాయి, పైపూత మారుతుందంతే. 0.8కి పెంచితే ముఖం మారిపోయినా నిలబడ్డ తీరు మిగిలిపోవచ్చు. ఇన్‌స్టాలో దొరికిన ఫొటోతో ఈ పని ఏ నంబరు దగ్గరా చేయకండి. 2023 నవంబరులో రష్మిక డీప్‌ఫేక్ వీడియో గుర్తుందిగా? అందరం రష్మిక ముఖం గురించే మాట్లాడుకున్నాం. ఆ వీడియోలో అసలున్నది ఇంకో అమ్మాయి. ఆమెనూ ఎవరూ అడగలేదు.

మీకు నష్టం కలిగించే సంగతి ఇంకోటుంది. మిడ్‌జర్నీ అనే ఇంకో ఏఐ బొమ్మలతో వచ్చిన ఒక కామిక్ పుస్తకంపై 2023లో అమెరికా కాపీరైట్ ఆఫీసు తేల్చింది: రాతకూ, పేజీల కూర్పుకూ హక్కుంటుంది, ఏఐ బొమ్మలకు ఉండదు. ఆ లెక్కన మీ బొమ్మలోని మనిషిని అక్కడెవరైనా ఎత్తుకుపోతే ఆపడం కష్టం.

అన్నట్టు, ‘నాట్లు వేస్తున్న తెలుగు మహిళ’ అని అడిగి చూడండి. చాలాసార్లు మెడ నిండా నగలతో, బురదంటని పట్టుచీరలో తెల్లటి మోడల్ వస్తుంది. అలాంటి బొమ్మను పొలం మధ్యలో పెట్టి అమ్మడం నాకైతే చట్టం కన్నా పెద్ద ఇబ్బంది.

మీకు తెలిసినవాళ్లను అడిగి, బొమ్మ అమ్ముతానని ముందే చెప్పి, ఫొటో తీసుకుని దాన్ని చూస్తూ గీయండి. కుదిరేదాకా ఏఐ తప్పదంటే ఆ మనుషులను ఫైల్‌లో విడి లేయర్‌గా ఉంచండి. రేపు ఎవరైనా ‘ఇది నా ముఖం’ అని వస్తే ఆ లేయర్ ఒక్కటీ తీసేయొచ్చు.